మా డాడీ వాచ్‌మన్

జూన్ రెండో వారం, మంగళవారం. పొద్దున ఎనిమిది నలభైకి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగాను. నల్ల రేకుపెట్టె ఒకటి, కిట్ బ్యాగు ఒకటి, వీపున పిట్టూ సంచి. వాన ఇంకా పడలేదు, ఉక్కపోస్తోంది. నాలుగు రోజుల కిందటి వరకు నేనున్న పోస్టులో నీళ్ల సీసాను చొక్కా లోపల దాచుకోకపోతే గడ్డకట్టేది. ఇక్కడ ప్లాట్‌ఫామ్ చివరిదాకా నడిచేసరికి బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా సొంత ఊరి చెమట.

ఆటో డ్రైవర్ పెట్టె ఎక్కిస్తూ అడిగాడు. "లీవ్ మీద వచ్చినవా అన్నా?"

"కాదు. పోస్టింగ్."

"సొంతూర్లనే పోస్టింగా? మస్తు నసీబ్ అన్నా నీది."

నిజమే. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎడారి చూశాను, అడవి చూశాను, మంచు చూశాను. సొంత ఊరిని మాత్రం సెలవుల్లోనే చూశాను. మా తాత రైల్వే పని కోసం గుడివాడ వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చాడు. అప్పటి నుంచి మాది ఈ ఊరే, ఈ చర్చే, ఈ ట్రాఫిక్కే.

పది గంటలకు తిరుమలగిరి వైపున్న యూనిట్‌లో రిపోర్ట్ చేశాను. సుబేదార్ సాబ్ నా కాగితాలు తిరగేశాడు. ఆయనది గఢ్వాల్. మా మధ్య మాటలన్నీ హిందీలోనే. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"హవల్దార్ రాజు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. మంచు తినేసిందా?"

"అవును సాబ్."

"ఇక నీకు కొండలు లేవు. రిటైర్మెంట్‌కి ఇరవై మూడు నెలలుంది. గేట్ నంబర్ టూ తీసుకో. గార్డ్ కమాండర్‌వి. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు. ఇంటి నుంచి వచ్చి పోవచ్చు. ఏమైనా సందేహాలా?"

"లేవు సాబ్."

"ఎందుకుంటాయిలే" అని స్టాంపు గుద్దాడు.

గేట్ నంబర్ టూ అంటే పెద్ద కోట ద్వారం ఏమీ కాదు. ఎరుపు తెలుపు పట్టీలున్న ఇనుప అడ్డకర్ర ఒకటి. దానికి ఎడమ పక్క ఇసుక బస్తాల వెనక రైఫిల్ పట్టుకుని ఒక సంత్రీ. కుడి పక్క రేకుల గది, అందులో బల్ల, రిజిస్టర్, వాకీటాకీ, మట్టికుండ. ముందు రెండు నిద్రగన్నేరు చెట్లు. వచ్చే ప్రతి బండినీ ఆపాలి, కార్డు చూడాలి, నంబరు రాయాలి, అడ్డకర్ర ఎత్తాలి, దించాలి. ఆఫీసర్ కారైతే సెల్యూట్ కొట్టాలి. మొత్తం నలుగురం. సంత్రీలు ఇద్దరు రెండేసి గంటలకు మారేవాళ్లు. ఒకడు తమిళుడు, ఒకడు బిహారీ. జీపు డ్రైవర్ ఒకడు. నేను. గేటు దగ్గర ఏం జరిగినా నా మెడకే చుట్టుకుంటుంది.

గేటు ముందు నుంచే సివిల్ రోడ్డు పోతుంది. ఆ రోడ్డు మీద రెండు స్కూళ్లున్నాయి. ఎనిమిది పది నుంచి ఎనిమిది ముప్పై ఐదు దాకా ఆటోలు, వ్యాన్లు, స్కూటర్లు బారులు తీరేవి. ఒక్కో ఆటోలో ఎనిమిది మంది పిల్లలు, బయట వేలాడుతూ ఎనిమిది బ్యాగులు. మా ముందుకు రాగానే ఎనిమిది చేతులూ లేచేవి. ఎడమ చేత్తో కొట్టేవాళ్లు కొందరు. రెండు చేతులతో కొట్టేవాళ్లు కొందరు. ఒకడైతే తింటున్న బిస్కెట్టుతోనే కొట్టేవాడు, నుదుటికి పొడి అంటేది.

మూడో రోజు తమిళ సంత్రీ అడిగాడు. "హవల్దార్ సాబ్, పిల్లల సెల్యూట్‌కి జవాబు ఇవ్వొచ్చా?"

గేటు ఆర్డర్లు గోడకు అంటించి ఉన్నాయి, పంతొమ్మిది. పిల్లల సంగతి ఒక్కదాంట్లోనూ లేదు. ఆర్డర్లలో లేని పని చేయడం నా వల్ల కాదు. వాకీటాకీ తీశాను.

"కంట్రోల్, గేట్ టూ. స్కూలు పిల్లలు సెల్యూట్ చేస్తున్నారు. ఏం చేయాలి? ఓవర్."

కాసేపు గరగర. తర్వాత సుబేదార్ సాబ్ గొంతే వచ్చింది. "గేట్ టూ, కంట్రోల్. గార్డ్ కమాండర్ జవాబిస్తాడు. సంత్రీ కదలడు. కళ్లతో నవ్వుకోవచ్చు. ఓవర్ అండ్ అవుట్."

అలా రోజూ పొద్దున ఇరవై ఐదు నిమిషాలు నా కుడి చెయ్యికి విశ్రాంతి లేదు.

ఒక వానరోజు ఆటో ఒకటి మా గేటు ముందే గుంటలో దిగబడింది. అందులోంచి ఒక చిన్నపిల్ల దూకి, గొడుగు వేసుకుని నేరుగా ఇసుక బస్తాల వైపు నడిచొచ్చింది. బిహారీ సంత్రీకి ట్రైనింగ్ గుర్తొచ్చినట్టుంది. "థమ్! కౌన్ ఆతా హై?" అని గద్దించాడు. ఆగు, ఎవరొస్తున్నారు అని. దీనికి "దోస్త్" అని జవాబు చెప్పాలి, అప్పుడు ముందుకు రానిస్తారు. ఆ పిల్ల ఆగింది. ఆలోచించింది. "యూకేజీ, బి సెక్షన్" అంది.

ఆ రోజు నుంచి మా గేటు దగ్గర అలవాటు మారిపోయింది. లంగర్ నుంచి, అంటే మా వంటశాల నుంచి, టీ తెచ్చే కుర్రాణ్ని సంత్రీ ఎవరని అడిగితే వాడు కూడా "యూకేజీ, బి సెక్షన్" అనేవాడు.

ఒప్పుకుంటున్నాను, ఆ పిల్లల చూపులు నాకు బాగా తలకెక్కాయి. మంచులో నిలబడ్డప్పుడు మమ్మల్ని చూసేవాళ్లు లేరు, కాకులు తప్ప. ఇక్కడ రోజుకు వందమంది పిల్లలు నన్ను హీరోను చూసినట్టు చూస్తున్నారు. బెరే టోపీని కొంచెం వాల్చి పెట్టుకోవడం మొదలుపెట్టాను. మీసానికి నూనె రాసేవాణ్ని. నా భార్య సునీత అద్దం ముందు నన్ను చూసి, "ఏమండీ, గేటు దగ్గరికేనా వెళ్తోంది, పెళ్లికా?" అనేది.

ఇంట్లో కథ వేరు. మాది కాప్రాలో, చెరువుకు రెండు వీధులవతల, మూడో అంతస్తు. మొత్తం పన్నెండు ఫ్లాట్లు. సునీత బేగంపేటలో ఒక ఆఫీసులో పని చేస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకు పోతే సాయంత్రం ఆరుంబావుకు వస్తుంది. మా ఒక్కగానొక్క కూతురు బ్లెస్సీ రెండో తరగతి. మూడు నలభై ఐదుకు స్కూల్ ఆటో దిగి వాళ్లమ్మ వచ్చేదాకా, నేను ఊళ్లో లేని ఆ రోజులన్నీ, కింద వాచ్‌మన్ మల్లయ్య కళ్ల ముందే ఆడుకునేది.

మల్లయ్యకు నలభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. లేత నీలం చొక్కా, భుజాల మీద పట్టీలు, మెడలో విజిల్. ఆ పట్టీల మీద ఇత్తడి గుండీలు నా గుండీల కన్నా ఎక్కువ మెరిసేవి. ఏ ఫ్లాటు పిల్లకు ఏ చెప్పులో, ఏ పిల్లాడికి ఏ పంటినొప్పో అతనికి తెలుసు. నన్ను చూడగానే లేచి, "నమస్తే మిల్ట్రీ సార్" అనేవాడు. బ్లెస్సీ ఆటో దిగితే నన్ను దాటుకుని ముందు అతని దగ్గరికే పరుగెత్తేది. క్లాసు కబుర్లన్నీ అతనికే. నా కోసం మిగిలేవి "ఆకలి డాడీ" లాంటివి. కాస్త కుళ్లు పుట్టేది. ఏడేళ్లలో పిల్ల నన్ను చూసింది ఏడాదికి రెండు నెలలే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ని.

జులైలో ఒక శనివారం బ్లెస్సీకి సెలవు. నేను కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను. సునీత స్కూటీ మీద తెచ్చింది, బ్లెస్సీ వెనక కూర్చుని వచ్చింది. అప్పుడు నేను నీళ్ల ట్యాంకర్‌ను వెనక్కి తీయిస్తున్నాను. "ఆనే దో, ఆనే దో, బస్" అంటూ చెయ్యి ఊపుతున్నాను. ఇంతలో ఒక ఆఫీసర్ కారు వచ్చింది. పరుగెత్తి అడ్డకర్ర ఎత్తాను. సెల్యూట్ కొట్టాను. దించాను. రిజిస్టర్‌లో రాశాను. బ్లెస్సీ స్కూటీ దిగకుండా అంతా చూసింది. కళ్లు ఇంతింత చేసుకుని చూసింది. నా కూతురు మొదటిసారి నన్ను యూనిఫాంలో, డ్యూటీలో చూసింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ రోజు ఇంటికి ఐస్‌క్రీమ్ తీసుకెళ్లాను.

వారం తిరక్కుండానే స్కూల్ నుంచి ఒక కాగితం వచ్చింది. పైన "మై ఫాదర్ ఈజ్ ఎ" అని అచ్చు వేసి, పక్కన ఖాళీ వదిలారు. ఖాళీలో బ్లెస్సీ గుండ్రటి అక్షరాలతో "వాచ్‌మన్" అని రాసింది. కింద బొమ్మ. గేటు, ట్యాంకర్, చెయ్యెత్తి నిలబడ్డ నేను. మీసం కూడా వేసింది.

సునీత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు.

"బ్లెస్సీ, ఇదేంటమ్మా?"

"నువ్వే డాడీ."

"నేను వాచ్‌మన్‌నా?"

"ఆఁ."

"సోల్జర్‌ని కదరా తల్లీ."

"సోల్జర్ ఉండె. ఇప్పుడు వాచ్‌మన్ అయినవ్."

"సోల్జర్ కాకపోతే మా దగ్గర గన్ ఎందుకుంటుంది?"

"గన్ ఆ అన్న దగ్గర ఉంది. నీ దగ్గర పెన్ను ఉంది."

కాలు చూపించాను. రెండు వేళ్లు ఎలా పోయాయో చెప్పాను. శ్రద్ధగా విని, "అది అప్పుడు డాడీ" అంది. సునీత ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. గొంతు పెంచాను.

"వాచ్‌మన్ అంటే ఎవరు? మోటారు వేసేవాడు. చెత్త డబ్బాలు బయట పెట్టేవాడు. ఇరవై రెండేళ్లు బోర్డర్‌లో నిలబడ్డ నేనూ వాడూ ఒకటేనా?"

గాలి కోసం తలుపు తెరిచే ఉంచాం. గుమ్మంలో మల్లయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో బ్లెస్సీ నీళ్ల బాటిల్.

"పాప బాటిల్ కిందనే మర్శిపోయింది అమ్మా" అన్నాడు సునీతతో. బాటిల్ గడప మీద పెట్టాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సునీత నవ్వు ఆగిపోయింది. బ్లెస్సీ ఏడవలేదు. నా వంక ఒకసారి చూసి, బాటిల్ తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున ఐదు ఇరవైకి స్కూటర్ తీశాను. మల్లయ్య ఎప్పటిలాగే గేటు తెరిచాడు. "నమస్తే సార్" అన్నాడు. మిల్ట్రీ అనే మాట లేదు. ఆ ఒక్క మాట పోయినందుకు సైనిక్‌పురి, నేరేడ్‌మెట్ దాటి తిరుమలగిరి చేరేదాకా మనసు మనసులో లేదు. తప్పు నాదేనని తెలుసు. అయినా సారీ చెప్పలేదు. మొండితనం నాకు మా నాన్న ఇచ్చిన ఆస్తి.

తర్వాతి సోమవారం బ్లెస్సీ క్లాసు టీచర్ సునీతకు ఫోన్ చేసింది. "మీవారు ఆర్మీ అని అడ్మిషన్ ఫారంలో ఉందండీ. పాపేమో వాచ్‌మన్ అంటోంది. ఒకసారి వచ్చి పిల్లలతో మాట్లాడతారా?" ఆ మాట వినగానే నాకు ప్రాణం కుదుటపడింది. వాచ్‌మన్ అన్న పిల్ల చేతే, క్లాసందరి ముందు, సోల్జర్ అనిపించాలి. అంతకన్నా గొప్ప లక్ష్యమేదీ అప్పుడు నాకు లేదు.

సుబేదార్ సాబ్‌ను రెండు గంటల పర్మిషన్ అడిగాను.

"యూనిఫాంలోనా, మామూలు బట్టల్లోనా?"

"యూనిఫాంలో సాబ్. మెడల్స్‌తో. పిల్లలు సంతోషపడతారని."

"పిల్లలా, నువ్వా?" అన్నాడు ఆయన. సంతకం మాత్రం పెట్టాడు.

ముందు రోజు సాయంత్రమంతా తయారయ్యాను. చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. బెల్టు ఇత్తడిని నిమ్మచెక్కతో రుద్దాను. బూట్లలో నా మొహం కనిపించేదాకా పాలిష్ కొట్టాను. శుక్రవారం పదకొండు గంటలకు రెండో తరగతి గదిలో అడుగుపెట్టాను. ముప్పై ఎనిమిది మంది లేచి, "గుడ్ మార్నింగ్ సోల్జర్ అంకుల్" అని సాగదీశారు. బ్లెస్సీ మూడో బెంచీలో ఉంది. లేచింది, కూర్చుంది. మొహంలో ఏమీ తెలియలేదు.

మంచు గురించి చెప్పాను. గాలికి డేరా ఎలా ఊగుతుందో, పప్పు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో చెప్పాను. నోళ్లు తెరుచుకుని విన్నారు. తర్వాత ప్రశ్నలు.

"అంకుల్, గన్ తేలేదా?"

"తేకూడదు నాన్నా."

"అంకుల్, మంచు తినొచ్చా?"

"తిన్నాను. ఏ రుచీ ఉండదు."

"అంకుల్, మీకు భయం గాలేదా?"

"అయ్యింది. చాలాసార్లు."

ఈ జవాబు వాళ్లకు బాగా నచ్చింది. ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. నాకు ధైర్యం పెరిగింది. టీచర్ కూడా మురిసిపోతూ, "బ్లెస్సీ, కమ్ మా. మీ డాడీ గురించి అందరికీ నువ్వు చెప్పు" అంది.

బ్లెస్సీ ముందుకు వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"మా డాడీ ఇంతకుముందు సోల్జర్ ఉండె. సోల్జర్ అంటే ఇంటికి రాడు. ఫోన్ల ఉంటడు. మా అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ అంకుల్ ఉంటడు. ఆయన ఎప్పుడూ ఉంటడు. నేను ఆటో దిగితే ఉంటడు. వాన పడ్డా ఉంటడు. అందుకే నేను రోజూ ప్రేయర్ చేసిన. జీసస్, మా డాడీని వాచ్‌మన్‌ని చెయ్యి అని." నా వైపు తిరిగింది. "చేసిండు."

ఎవరూ నవ్వలేదు. ఆ వయసు పిల్లలకు అందులో నవ్వాల్సిందేమీ కనిపించలేదు. కిటికీ పక్క బెంచీ నుంచి ఒక బొద్దుపిల్ల చెయ్యెత్తింది. "బ్లెస్సీ, మా డాడీ దుబాయ్‌ల ఉంటడు. ఆయనకు సుత ప్రేయర్ చెయ్యవా? వాచ్‌మన్ చెయ్యమని."

"చేస్తా. పేరు చెప్పు" అంది బ్లెస్సీ.

టీచర్ బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచింది. నేను సావధాన్‌లో నిలబడ్డాను. ఏడుపొస్తోంది, మెడల్స్ పెట్టుకుని ఏడవకూడదు. నా కూతురు నన్ను తక్కువ చేసిందని వారమంతా ఉడికిపోయాను. అది రోజూ దేవుణ్ని అడిగి మరీ తెచ్చుకున్న ఉద్యోగం నాది.

చివర్లో టీచర్ అడిగింది. "అయితే అంకుల్ ఎవరు, పిల్లలూ?"

నేనే చెప్పాను. "వాచ్‌మన్‌ని. గేట్ నంబర్ టూ."

బ్లెస్సీ అప్పుడు నవ్వింది.

మధ్యాహ్నం రెండున్నరకు స్కూటర్ కింద ఆపాను. మెడల్స్ తీయలేదు, తీరిక లేదు. మల్లయ్య మోటారు గది దగ్గర వాల్వు తిప్పుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

"మల్లయ్యా, ఆ రోజు నోరు జారాను. తప్పు మాట అన్నాను. మనసులో పెట్టుకోకు."

"అరె, గంత మాటెందుకు సార్. పోనీయుండ్రి."

"పోనివ్వను. నిన్ను వాడు వీడు అన్నాను. నా బిడ్డను ఇన్నాళ్లు కనిపెట్టుకుని ఉన్నావు."

అతను వాల్వు వైపు చూస్తూ మాట్లాడాడు. "పాప ఒకపారి అడిగింది సార్. అంకుల్, నువ్వు ఊరికి పోవా అని. వాచ్‌మన్ యాడికి పోతడు బిడ్డా, ఈడ్నే ఉంటడు అని చెప్పిన. గంతే. గది మనసుల పెట్టుకున్నట్టుంది."

"నీకు పిల్లలు లేరా?"

"ఒక్కతే సార్, స్వప్న. ఐదు చదువుతది. గజ్వేల్ అవతల గురుకులంల ఉంటది. నెలకో ఆదివారం తల్లిదండ్రులను రానిస్తరు. ఊర్ల ఉండే మా ఇంటామె పోతది. నేను పోయి ఏడాదాయె."

"ఎందుకని?"

"గేటు కాడ ఎవరుండాలె సార్? సెక్రటరీ సార్ జెర గరం అయితడు."

నా బిడ్డ ఆటో దిగే వేళకు అతను ఇక్కడ నిలబడ్డాడు. అతని బిడ్డకు అతను ఫోన్లో ఉన్నాడు. "వచ్చే నెల నువ్వెళ్లు, గేటు నేను చూస్తా" అన్నాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరా? వద్దు సార్. యూనిఫాం మనిషి ఈడ కూసుంటే మంచిగుండదు. నలుగురు నన్నే అంటరు."

ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు పొద్దున గేటు తెరుస్తూ మాత్రం, "నమస్తే మిల్ట్రీ సార్" అన్నాడు.

ఆ తర్వాతి ఇరవై నెలలు నా సర్వీసులోకెల్లా హాయిగా గడిచాయి. ఆరింటికి గేటెక్కడం, పిల్లల సెల్యూట్లు, రెండింటికి దిగడం, మూడు నలభై ఐదుకు కాప్రాలో ఆటో ముందు నిలబడటం. అన్నం తిన్నా తినకపోయినా ఆ టైముకు నిలబడేవాణ్ని. బ్లెస్సీ క్లాసు కబుర్లు ఇద్దరికీ కలిపి చెప్పేది, నాకూ మల్లయ్యకూ. బిహారీ సంత్రీకి కొడుకు పుట్టాడని ఫోనొస్తే మా గేటు దగ్గర జిలేబీ పంచాం. వాడు ఫోన్లో ఫొటో చూపించి, "వీడు నన్నెప్పుడు చూస్తాడో సాబ్" అన్నాడు. తర్వాతి సెలవుల లిస్టులో వాడి పేరు మొదట రాయించాను.

అవి తీరాక, ఏప్రిల్ ఆఖరి రోజున రిటైరయ్యాను. ఎండ మండిపోతోంది. నాలుగున్నరకు టీ, సమోసా, పూలదండ. సుబేదార్ సాబ్ చెయ్యి పట్టుకుని అడిగాడు. "ఇక ఏం చేస్తావు రాజు?"

"రెండు రోజులు డ్యూటీ ఉంది సాబ్."

"ఎక్కడ?"

"మా ఇంటి గేటు దగ్గర."

ఆయన నవ్వి, నా చెయ్యి ఇంకోసారి ఊపాడు.

ఇంటికి రాగానే యూనిఫాం విప్పి, మామూలు చొక్కా వేసుకుని కిందికి దిగాను. "మల్లయ్యా, ఇప్పుడు నేను మిల్ట్రీ కాదు. ఖాళీ మనిషిని. గురుకులం సెలవులిచ్చారు కదా? వెళ్లి బిడ్డను తెచ్చుకో." ఈసారి అతని దగ్గర సాకు లేదు. సెక్రటరీతో నేనే మాట్లాడాను. ఆయన ఇబ్బందిగా, "మీరెందుకండీ పాపం" అన్నాడు. ఆర్డర్ ఇచ్చినట్టు చెబితే ఒప్పుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే మల్లయ్య బస్సెక్కాడు. రెండు రోజులు నేను వాచ్‌మన్‌ని. ఆరింటికీ, సాయంత్రం నాలుగింటికీ మోటారు. ఏడింటికి చెత్తబండి. కార్లు కడిగే అతనికి నీళ్ల పైపు. కొరియర్లు, పాలు, గ్యాసు. చెప్పొద్దూ, గేట్ నంబర్ టూ కన్నా పనెక్కువ. బ్లెస్సీ నా పక్కన స్టూలు వేసుకుని నోటుబుక్కులో వచ్చిన బండ్ల నంబర్లన్నీ రాసింది. ఐదో ఫ్లాటు ఆంటీ కూరగాయల సంచీతో వస్తే, "కార్డ్ చూపియ్యండి" అంది. ఆమె ఆధార్ కార్డు చూపించి లోపలికి పోయింది.

రెండో రోజు సాయంత్రం ఐదింటికి మల్లయ్య వచ్చాడు. చేతిలో సంచీ, పక్కన పదకొండేళ్ల పిల్ల. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. నాన్న ఉండే ఊరు మొదటిసారి చూస్తోంది. అతని చొక్కా కొసను పిడికిట్లో పట్టుకుంది. అతను హడావుడిగా మెట్ల కింది గదిలోకి పోయి నీలం చొక్కా తొడుక్కుని వచ్చాడు. గుండీలు ఇంకా పెడుతున్నాడు. అప్పుడే పై నుంచి ఒక గొంతు, ఏ ఫ్లాటుదో చెప్పను.

"ఏయ్ మల్లయ్యా! ఏడ సచ్చినవ్ రెండ్రోజులు? కారు మీద దుమ్ము చూసినవా?"

మల్లయ్య చేతులు గుండీల మీదే ఆగిపోయాయి. పిల్ల తల దించుకుంది. నేల వైపు, నాన్న చెప్పుల వైపు చూస్తోంది.

ఆ తల వంగడం నేను చూడలేకపోయాను. స్టూలు పక్కకు జరిపాను. అతని ముందు మూడడుగుల దూరంలో మడమలు కొట్టి సావధాన్‌లో నిలబడ్డాను. పై అంతస్తుల దాకా వినపడేలా, పరేడ్ గ్రౌండ్ గొంతుతో మొదలుపెట్టాను.

"మల్లయ్య సాబ్! హవల్దార్ రాజు, గేటు చార్జి అప్పగిస్తున్నాను! ఫ్లాట్లు పన్నెండు! ట్యాంకు ఫుల్! మోటారు ఆఫ్! బండ్లు పద్నాలుగు లోపల, ఒకటి బయట! పిల్లలు తొమ్మిది మంది, అందరూ క్షేమం! చార్జి తీసుకోండి సాబ్!"

బాల్కనీల్లో జనం నిలబడ్డారు. మల్లయ్య నా వంక, పై అంతస్తుల వంక చూశాడు. బ్లెస్సీ అతని దగ్గరికి పోయి చిన్నగా చెప్పింది. "అంకుల్, ఓకే అనాలె."

మల్లయ్య పై గుండీ పెట్టుకున్నాడు. వెన్ను నిలబెట్టాడు. "ఓకే" అన్నాడు.

ఆరు రాష్ట్రాల్లో పని చేశాను. ఎన్నో చూశాను, చాలా మటుకు మరిచిపోయాను. పొద్దున లేచి కళ్లు నులుముకుంటే ఇప్పటికీ కనిపించేది ఒకటే. కాప్రాలో ఒక అపార్ట్‌మెంట్ గేటు, ఐదు గంటల ఎండ. ఎర్ర రిబ్బన్ల పిల్ల తలెత్తి, నోరు తెరిచి, నీలం చొక్కాలో నిలబడ్డ వాళ్ల నాన్నను చూస్తోంది.